మోడం

మా కదిరి దిక్కున దీన్ని మోడం అంటారు.
మోడం పట్టిందంటే చాలు
వీధిలో ఉన్నోళ్లు వీధిలోనే నిలబడిపోయి
తలలెత్తి చూస్తారు,
చానా ఏండ్లకు ఊరికొచ్చిన చుట్టాన్ని
పలకరించాలో వద్దో తెలీనట్టు.
పలకరిస్తే వెళ్లిపోతుందని భయం.

కాశీబుగ్గ బ్రాంచికి బదిలీ అయి వచ్చిన తొలి వారం
పొద్దున్నే మిద్దె ఎక్కి
మహేంద్రగిరి కనబడాల్సిన చోట
ఉత్త బూడిద రంగును చూసి
"మోడమొచ్చింది!" అని కేకేశాను.
కింద జీడిపిక్కలు ఆరబోసుకున్న తవిటమ్మ
నా వైపు చూసిన చూపు ఎట్ల చెప్పేది,
పెళ్లింట్లో తుమ్మినదాన్ని చూసినట్టు.
"ఏటమ్మా ఆ నవ్వు?
బేగి దిగొచ్చి గోనె పట్టు!"

ఈ ఊళ్లో నా మొదటి స్నేహం
తడవబోయే గోనెపట్టా రెండు మూలల మధ్య మొదలైంది.

ఆషాఢం పోయింది.
సూర్యుడు ఒకటో తారీకు ఉద్యోగిలా
ఓ పూట కనబడి, సంతకం పెట్టి, వెళ్లిపోయాడు.
ఉప్పు డబ్బాలో నీళ్లు.
చెప్పులకు తెల్లటి బూజు.
కౌంటర్లో నోట్లు లెక్కపెడుతుంటే
ఒకదాన్నొకటి వదిలిపెట్టవు.
మూడు దినాలు దండెం మీదున్న చీరను
ఆరలేదని తెలిసీ కట్టుకుంటే
రోజంతా నడుము చుట్టూ
ఎవరిదో చల్లటి చెయ్యి.

నాకు పొద్దు తెలిసేది కాదు.
మా ఇంట్లో గోడ నీడ గడప దాటితే పదకొండు,
నీళ్ల తొట్టిని తాకితే అన్నం వేళ.
ఇక్కడ నీడే లేదు.
లైటేసుకుని ఇడ్లీ తిన్నాను, లైటేసుకుని తల దువ్వుకున్నాను,
ఆదివారాలు ఏ వేళో తెలీక పడుకునే ఉన్నాను.
ఏడుపు రాలేదు గానీ
ఏడుపుకు ముందుండే బరువొకటి
మెడ వెనక కూర్చుని కదల్లేదు.

తవిటమ్మకు చెబితే నవ్వింది.
"మబ్బయితే పని సూసుకుని ఎల్లిపోద్ది.
ఇది ముసురమ్మా. కూకుంటాది.
దాంతోపాటు మనమూ కూకోవాల."
జీడి రసం తిని నల్లబడ్డ వేళ్లతో
వేడి పిక్క ఒలిచి నా చేతిలో పెట్టింది.
ఆ వేళ్లు ఏ ఎండకూ తెల్లబడేవి కావు.
నేను తిన్నాను. ఇంకోటి అడిగాను.

శ్రావణంలో ఓ సాయంత్రం
ఓబులేసు చిన్నాయన ఫోను.
"శెనక్కాయ ఏసి పద్దెనిమిది దినాలాయ.
నేల నోరు తెర్సుకోనుంది.
ఆడన్నా మోడముందా పాపా?"
నెత్తి మీద రేకులు అదిరేట్టు వాన.
"లేదు చిన్నాయనా, ఈడా ఎండే" అన్నాను,
ఆకలిగొన్న మనిషి ముందు
విస్తరి కొంగు కింద దాచుకున్నట్టు.
"మరేందో చప్పుడవుతాంది?"
"జీడిపిక్కలు... పోస్తాండారు."
చానాసేపు మాట్లాడలేదాయన.
వింటూనే ఉన్నాడు.
ఆ చప్పుడును కడుపారా వింటున్నాడని
నాకు తెలుస్తూనే ఉంది.
ఫోను చెవి నుంచి తీసి
కిటికీకి ఇంకొంచెం దగ్గరగా పట్టుకున్నాను.
"సరే పాపా,
పిక్కలు తడవనియ్యొద్దు" అని
ఆయనే పెట్టేశాడు.

ఈ పొద్దున మెలకువ రాగానే కళ్లు మండాయి.
గదంతా తెల్లగా, గట్టిగా, ఎక్కువగా ఏదో.
"ఏందీ ఎండ!" అని విసుక్కున్నాను.
విసుక్కున్నాక గానీ
ఆ మాట ఎవరి నోట్లోంచి వచ్చిందో తెలీలేదు.
కదిరికి ఫోను చేద్దామని తీసి
మళ్లీ దిండు కింద పెట్టాను.
కింద తవిటమ్మ కేకేస్తోంది
గోనె మూల పట్టడానికి.
నేను చెప్పులు వెతుక్కునే లోపల
నా నీడ
మెట్లు దిగుతోంది.